రోజుకు 15 సార్లు యూరిన్: మాత్రలకు తగ్గని 'ఇన్ఫెక్షన్' – ఒక కేస్ స్టడీ

పేషెంట్ వయసు 43. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ నార్మల్ డెలివరీలోనే పుట్టారు. రెండో కాన్పు తర్వాత ట్యూబెక్టమీ చేయించుకున్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణంలో కాపురం. రోజూ గంటసేపు పల్లెవెలుగు బస్సులో స్కూలుకు వెళ్లి వస్తారు. ఎనిమిది నెలలుగా ఒకటే బాధ: మాటిమాటికీ యూరిన్‌కి వెళ్లాల్సి రావడం. పగలు పదిహేనుసార్ల దాకా, రాత్రి రెండు మూడుసార్లు. ఆమె అనుమతి తీసుకుని, ఎవరో గుర్తుపట్టేలాంటి వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను.

వచ్చేటప్పుడు ఒక ఫైలు తెచ్చారు. అందులో నాలుగు యాంటీబయాటిక్ కోర్సుల చీటీలు, ఆరు యూరిన్ రిపోర్టులు ఉన్నాయి. రిపోర్టులన్నీ మామూలు యూరిన్ టెస్టులే, ఒక్కటి కూడా కల్చర్ (యూరిన్‌లో బాక్టీరియా పెరుగుతుందేమో చూసే టెస్టు) కాదు. ప్రతి రిపోర్టులో పస్ సెల్స్ (చీము కణాలు) 4 నుంచి 6 వరకు ఉన్నాయని రాసి ఉంది. "ఈసారి ఇంజెక్షన్లు రాయండి మేడమ్, ఈ ఇన్ఫెక్షన్ మాత్రలకు లొంగట్లేదు" అన్నారు.

మా ఓపీలో గైనకాలజీ సమస్యలతో వచ్చే ఆడవాళ్లలో ఈ బాధ చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. చాలామంది దీని కోసమని రారు. వైట్ డిశ్చార్జ్ అనో, నడుము నొప్పి అనో వచ్చి, లేచి వెళ్లే ముందు తలుపు దగ్గర నిలబడి చెప్తారు. వాళ్లకు ఇప్పటిదాకా దొరికినవి రెండే: యాంటీబయాటిక్, లేదా 'ఈ వయసులో ఇది మామూలేనమ్మా' అనే మాట. ఎన్నిసార్లు వెళ్తున్నారని అందరూ అడుగుతారు. వెళ్లిన ప్రతిసారీ ఎంత వస్తోందని ఎవరూ అడగరు. ఈ కేసులో దారి చూపించింది ఆ రెండో ప్రశ్నే.

ఆమె చెప్పిన వివరాలు

మంట లేదు. జ్వరం, చలి లేవు. యూరిన్‌లో రక్తం ఎప్పుడూ కనిపించలేదు. యూరిన్ నిండేకొద్దీ పొత్తికడుపులో నొప్పి రావడం, వెళ్లాక తగ్గడం లాంటిదేమీ లేదు. దగ్గినా తుమ్మినా కారదు. కానీ ఒక్కోసారి ఉన్నట్టుండి తోసుకొస్తుంది. ముఖ్యంగా సాయంత్రం ఇంటికి చేరి తాళం తీస్తున్నప్పుడు ఆగదు. రెండుసార్లు గుమ్మంలోనే కొన్ని చుక్కలు పడ్డాయి. ఈ విషయం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, భర్తకు కూడా.

పీరియడ్స్ నెలనెలా సరిగ్గానే వస్తున్నాయి. బీపీ మాత్రలు గానీ, ఇంకే మందులు గానీ వాడటం లేదు. దాహం ఎక్కువ కాలేదు, బరువు తగ్గలేదు. గురక లేదు. కాళ్లు వాయవు. మోషన్ మాత్రం రెండు మూడు రోజులకోసారి, అదీ ముక్కితేనే. ఈ విషయం తనంతట తానుగా చెప్పలేదు, అడిగితేనే చెప్పారు. మోషన్‌కీ యూరిన్‌కీ సంబంధం ఉంటుందని చాలామందికి తెలియదు. నిండిన మలాశయం పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. అది సాగడానికి ఉండే చోటు తగ్గిపోతుంది.

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం షుగర్. అమ్మకు షుగర్ ఉంది. "నాకూ వచ్చేసిందేమోనని టెన్షన్ మేడమ్, అందుకే టెస్టు చేయించుకోలేదు" అన్నారు. భయంతో టెస్టుకు వెళ్లకపోవడం మన దగ్గర చాలా మామూలు. అలాంటివాళ్లను మందలించకూడదు. పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోజే టెస్టు చేయించాలి.

ఈ బాధ చుట్టూ జీవితం ఎలా మారిందో కూడా అడిగాను. బస్సెక్కే ముందు ఇంట్లో రెండుసార్లు వెళ్తారు. పెళ్లిళ్లలో వరస చివరి కుర్చీ చూసుకుంటారు. ట్రైనింగ్ కోసం విజయవాడ వెళ్లాల్సి వస్తే ఏదో ఒక కారణం చెప్పి తప్పించుకున్నారు. రాత్రి నిద్ర సరిగ్గా లేక మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూతలు పడుతున్నాయి. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. మనిషికి ప్రాణాపాయం లేని జబ్బు కావొచ్చు, కానీ ఎనిమిది నెలల్లో ఆమె లోకం బాత్రూమ్ దగ్గరలో ఉండే చోట్లకు కుదించుకుపోయింది.

ఎన్నిసార్లు వెళ్తే మామూలు?

పెద్దవాళ్లయిన ఆడవాళ్లు మెలకువగా ఉన్న సమయంలో ఏడెనిమిది సార్ల వరకు వెళ్లడాన్ని మామూలుగానే చూస్తాం. రాత్రి నిద్రలో లేవకపోవడం, లేదా ఒకసారి లేవడం మామూలు. అరవై దాటాక ఒకటి రెండుసార్లు లేచినా, వాళ్లకు ఇబ్బంది లేకపోతే దానికి మందు అక్కర్లేదు. అయితే ఇది గీత గీసినట్టు ఉండే లెక్క కాదు. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగే మనిషి పదిసార్లు వెళ్తే అది జబ్బు కాదు. మే నెల ఎండలో చెమటగా పోయే నీరు, సంక్రాంతి చలిలో యూరిన్‌గా పోతుంది. గర్భిణులు తరచుగా వెళ్లడం సహజం. మూత్రాశయ సమస్యల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఇంటర్నేషనల్ కాంటినెన్స్ సొసైటీ 2002లో ఇచ్చిన నిర్వచనంలో కూడా అంకె లేదు. పగటిపూట తాను మరీ ఎక్కువసార్లు వెళ్తున్నానని మనిషికి అనిపించి, దాన్ని బాధగా చెప్పడమే అందులో ప్రమాణం. రోజుకు ఆరుసార్లు వెళ్తూ అల్లాడిపోయేవాళ్లు ఉంటారు, పదకొండుసార్లు వెళ్తూ ఏమీ పట్టించుకోనివాళ్లూ ఉంటారు. నేను చికిత్స చేయాల్సింది బాధ ఉన్నవాళ్లకు.

మూత్రాశయం మామూలుగా 400 నుంచి 500 మి.లీ. దాకా పడుతుంది. 150–200 మి.లీ. చేరేసరికి 'కొంచెం వస్తోంది' అనే తొలి కబురు అందుతుంది. అది కబురు మాత్రమే, హుకుం కాదు. పనిలో పడితే మరిచిపోగలం. 300 దాటాక ఇంకా గట్టిగా చెప్తుంది. ఈ తొలి కబురుకే ప్రతిసారీ లేచి వెళ్లడం అలవాటైతే, కొన్నాళ్లకు వంద మి.లీ.కే తోసుకొచ్చినట్టు అనిపిస్తుంది.

పరీక్షలు

పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తే గడ్డలేమీ తగల్లేదు. ఇది తప్పకుండా చూడాలి. గర్భసంచిలో పెద్ద ఫైబ్రాయిడ్ గానీ, అండాశయంలో గడ్డ గానీ మూత్రాశయాన్ని నొక్కితే మొదట కనిపించే లక్షణం ఇదే కావొచ్చు. లోపలి పరీక్షలో యోని ముందు గోడ కొంచెం జారింది గానీ, ఇద్దరు పిల్లలు పుట్టాక అంతమాత్రం చాలామందిలో ఉంటుంది. దగ్గించి చూస్తే యూరిన్ కారలేదు. కింద కండరాలను బిగించమంటే ఆమె బిగించడానికి బదులు కిందికి ముక్కారు. మొదటిసారి అడిగినప్పుడు చాలామంది ఇలాగే చేస్తారు. నోటితో చెప్పి పంపితే ఇంట్లో రోజూ తప్పుగానే చేస్తూ ఉంటారు, ఎందుకు తగ్గట్లేదని బాధపడతారు.

షుగర్ టెస్టు అదే రోజు చేశాం. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే టెస్టు) 5.6 శాతం, మర్నాడు పరగడుపున 96. షుగర్ లేదు. ఈ మాట విన్నాక ఆమె ముఖంలో కనిపించిన నిమ్మళం చూస్తే, సగం నిద్ర ఈ భయమే మింగేసిందని అర్థమైంది. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్, కాల్షియం కూడా మామూలుగానే ఉన్నాయి.

యూరిన్ శాంపిల్ ఎలా పట్టాలో నర్సు విడమరిచి చెప్పింది: ముందు నీళ్లతో శుభ్రం చేసుకోవాలి, మొదట వచ్చేది వదిలేయాలి, మధ్యలోది డబ్బాలో పట్టాలి. అలా పట్టిన శాంపిల్‌లో పస్ సెల్స్ ఒకటి రెండే వచ్చాయి. కల్చర్‌లో ఏ బాక్టీరియా పెరగలేదు. అంటే పాత రిపోర్టుల్లోని పస్ సెల్స్‌లో ఎక్కువ భాగం యోని స్రావం కలవడం వల్ల వచ్చినవే అయి ఉండాలి. నాలుగు పస్ సెల్స్ ఉన్నాయని, మంట లేని మనిషికి యాంటీబయాటిక్ ఇవ్వకూడదు. గర్భిణులు, యూరిన్ దారిలో ఆపరేషన్ జరగబోయేవాళ్లు లాంటి కొందరిని మినహాయిస్తే, లక్షణాలు లేకుండా కల్చర్‌లో బాక్టీరియా పెరిగినా చికిత్స అక్కర్లేదు. ఊరికే వాడిన ప్రతి కోర్సూ ఒంట్లోని బాక్టీరియాను మందుకు లొంగకుండా తయారుచేస్తుంది. రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చిన రోజున మాత్రలు పనిచేయక ఆస్పత్రిలో చేరి ఇంజెక్షన్లు చేయించుకోవాల్సి రావచ్చు.

ఒకటి మాత్రం మనసులో పెట్టుకున్నాను. మన దేశంలో పస్ సెల్స్ పదేపదే ఎక్కువగా వస్తూ, మామూలు కల్చర్‌లో ఏమీ పెరగకపోతే టీబీ గుర్తుకు రావాలి. మూత్రకోశ టీబీలో మూత్రాశయం గట్టిపడి కుంచించుకుపోతుంది. అప్పుడు పగలైనా రాత్రైనా, ఎంత ఆపుకున్నా కొంచెం కొంచెమే వస్తుంది. సరిగ్గా పట్టిన శాంపిల్‌లో పస్ సెల్స్ లేవు కాబట్టి అప్పటికి టీబీ టెస్టులు రాయలేదు. తర్వాత రాయించిన యూరిన్ డైరీలో పొద్దున్న లేవగానే వచ్చే కొలత చూశాక ఆ అనుమానం పూర్తిగా పోయింది.

స్కానింగ్‌లో కిడ్నీలు, మూత్రాశయం బాగున్నాయి. వెళ్లివచ్చాక లోపల మిగిలింది 20 మి.లీ. మాత్రమే. దీన్ని చూడకుండా మాటిమాటికీ వెళ్లే మనిషికి మందు మొదలుపెట్టకూడదు. లోపల 200 మి.లీ. పైన మిగిలిపోతున్నవాళ్లు కూడా మాటిమాటికీ వెళ్తారు, పైకి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాళ్లకు మూత్రాశయాన్ని వదులు చేసే మందు ఇస్తే యూరిన్ అసలే ఆగిపోవచ్చు.

మూడు రోజుల డైరీ

బజారులో దొరికే గీతలున్న ప్లాస్టిక్ కొలత మగ్గు ఒకటి కొనుక్కోమన్నాను. మూడు రోజులు, పగలూ రాత్రీ, తాగిన ప్రతిదీ, వెళ్లిన ప్రతిసారీ టైముతో, కొలతతో రాయాలి. తోసుకొచ్చిందా, నెమ్మదిగా వచ్చిందా, కారిందా అనేది పక్కన ఒక గుర్తు. ఒకరోజైనా సెలవు రోజై ఉండాలి. మొదట మొహమాటపడ్డారు. "ఇంట్లో అత్తయ్య గారు ఉంటారు మేడమ్, ఆ మగ్గు చూస్తే ఏమనుకుంటారో." డాక్టరు చెప్పిన టెస్టు అని చెప్పమన్నాను. టీచరు కదా, డైరీ తెచ్చాక చూస్తే గీతలు గీసి, గళ్లు పెట్టి, నేను ఇచ్చిన కాగితం కన్నా బాగా రాశారు.

ఆదివారం నాటి లెక్క ఇది. పొద్దున్న ఐదున్నరకు లేవగానే 410 మి.లీ. అది అంతకుముందు రాత్రి ఖాతాలోకి పోతుంది. ఆ తర్వాత పడుకునేదాకా 13 సార్లు. అత్యల్పం 60, అత్యధికం 160 మి.లీ., మొత్తం 1,340. రాత్రి రెండుసార్లు లేచారు: 180, 210. మర్నాడు పొద్దున్న 400. ఇరవై నాలుగు గంటలకు కలిపి 2,130 మి.లీ.

ఆమె బరువు 62 కిలోలు. కిలోకు 40 మి.లీ. దాటితే, అంటే ఆమెకు దాదాపు రెండున్నర లీటర్లు దాటితే, యూరిన్ ఎక్కువగా తయారవుతోందని అర్థం. ఆమె అంత దాటలేదు. కాబట్టి కిడ్నీలు, షుగర్, కాల్షియం వైపు వెతకాల్సిన పనిలేదు. పొద్దున్నే 410 మి.లీ. పట్టగలిగిన మూత్రాశయం పగలు 60 మి.లీ.కే లేపుతోంది. దాని పరిమాణం చెక్కుచెదరలేదు, తొందర మాత్రం పెరిగింది.

ఇంకో విషయం. పడుకున్నాక తయారైన యూరిన్, అంటే రాత్రి లేచిన రెండుసార్లూ, పొద్దున్న మొదటిసారీ కలిపితే 790 మి.లీ. రోజు మొత్తంలో 37 శాతం. చిన్న వయసువాళ్లలో ఇది ఐదో వంతుకు మించకూడదు. పెద్ద వయసులో కూడా మూడో వంతు దాటితే ఎక్కువే. నిద్రలో ఇంత ఎందుకు తయారవుతోందో తాగిన వాటి పక్కన చూస్తే తెలిసిపోయింది.

స్కూలు రోజుల్లో పొద్దున్న ఒక కాఫీ, ఒక టీ, సగం గ్లాసు నీళ్లు. స్కూల్లో మధ్యాహ్న భోజనంతో ఒక గ్లాసు. అంతే. సాయంత్రం ఐదున్నరకు ఇల్లు చేరాక రెండు గ్లాసుల నీళ్లు, టీ, కాసేపాగి బార్లీ నీళ్లు అర లీటరు, వంట చేస్తూ ఇంకో టీ, రాత్రి భోజనంలో మజ్జిగ, పడుకునే ముందు మళ్లీ నీళ్లు. రోజంతా తాగినది 2,400 మి.లీ. అయితే అందులో 1,700 సాయంత్రం ఐదు తర్వాతే.

బార్లీ నీళ్లు ఎందుకని అడిగితే, ఒంట్లో వేడి చేసి ఇలా అవుతోందని, చలవ చేస్తుందని అత్తయ్య గారు రోజూ కాచి ఇస్తున్నారట. ఆ ప్రేమను తప్పుపట్టడానికి లేదు. బార్లీలోనూ తప్పు లేదు. కానీ తగ్గడానికని సాయంత్రం పూట తాగుతున్న అర లీటరు రాత్రి నిద్ర పాడుచేస్తోంది. నిద్ర పాడైతే మళ్లీ 'వేడి' అని ఇంకొంచెం తాగడం. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి.

పగలు నీళ్లు ఎందుకు తాగరంటే స్కూలు టాయిలెట్. టాయిలెట్ ఉంది. కానీ లోపలి గడియ ఊడిపోయింది, మధ్యాహ్నానికి నీళ్లు అయిపోతాయి. ఇంకో టీచరును తలుపు దగ్గర కాపలా పెట్టి వెళ్లాలి. అందుకే రోజుకు ఒక్కసారే వెళ్తారు. డైరీలో ఆ ఒక్కసారి మధ్యాహ్నం ఒంటిగంటకు, దాదాపు ఐదు గంటల తర్వాత, 330 మి.లీ. తోసుకొచ్చిన గుర్తు లేదు. అదే మనిషి అదే రోజు సాయంత్రం ఇంటికొచ్చాక నలభై నిమిషాలకోసారి వెళ్లారు, ఒక్కోసారి 80, 90 మి.లీ. మాత్రమే.

డైరీ ఆమె ముందు పెట్టి ఆ 330 అంకె మీద వేలు పెట్టాను. చాలాసేపు చూశారు. "అయితే నేను ఆపుకోగలను కదా మేడమ్" అన్నారు.

కొలత లేకపోతే ఏమై ఉండేదో చెప్పడానికి ఇంకో పేషెంట్ సంగతి ఇక్కడ రాయాలి. ఆమెకు 52 ఏళ్లు, బాధ అదే. రోజుకు పదకొండుసార్లు, రాత్రి రెండుసార్లు, మంట లేదు. ఓపీ చీటీ మీద ఇద్దరి కంప్లైంటూ ఒకటే. కానీ ఆమె డైరీలో ప్రతిసారీ 300 మి.లీ.కి తక్కువ లేదు. రోజుకు నాలుగు లీటర్ల దగ్గర. హెచ్‌బీఏ1సీ తొమ్మిది దాటింది. రక్తంలో ఎక్కువైన చక్కెర కిడ్నీల గుండా పోతూ నీటిని వెంట లాక్కుపోతోంది. ఆ మనిషికి మూత్రాశయ వ్యాయామాలు నేర్పి పంపితే ఎంత నష్టం జరిగేదో ఊహించండి. ప్రతిసారీ ఎక్కువ వస్తుంటే ఒంట్లో నీరు ఎందుకు ఎక్కువ పోతోందో వెతకాలి. కొంచెం కొంచెం వస్తుంటే మూత్రాశయం వైపు, దాని పక్కనున్నవాటి వైపు చూడాలి. షుగర్‌కి ఇప్పుడు బాగా వాడుతున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు కూడా చక్కెరను యూరిన్‌లోకే పంపి పనిచేస్తాయి. అవి మొదలుపెట్టాక యూరిన్ ఎక్కువైతే ఆ చీటీ రాసిన డాక్టరుకు చెప్పాలి, సొంతంగా ఆపేయకూడదు.

చికిత్స

రోగనిర్ధారణ ఇలా రాశాను: ఇన్ఫెక్షన్ లేదు. అతి చురుకైన మూత్రాశయం, దానికి తోడు ముందుజాగ్రత్తగా వెళ్లే అలవాటు, సాయంత్రం ఎక్కువగా తాగడం, మలబద్ధకం. ఒకే కారణం ఉంటే చెప్పడానికి బాగుంటుంది, కానీ ఇలాంటి కేసుల్లో నాలుగైదు కలిసే ఉంటాయి.

మొదటి చీటీ మీద మూత్రాశయానికి మందులేమీ లేవు. మోషన్ కోసం ఇసబ్‌గోల్ ఒక్కటే. ఆకుకూరలు, పళ్లు పెంచమన్నాను.

నీళ్లు తగ్గించమని చెప్పలేదు. చాలామంది మొదట చేసే పని అదే, అది తప్పు. యూరిన్ చిక్కబడితే కొందరిలో తోసుకురావడం ఎక్కువవుతుంది, మోషన్ ఇంకా గట్టిపడుతుంది. తాగే మొత్తం అలాగే ఉంచి టైము మార్చాం. మధ్యాహ్నం రెండు లోపు లీటరు పైన తాగాలి. బార్లీ నీళ్లు కావాలంటే పొద్దున్న తాగాలి. రాత్రి ఏడున్నర తర్వాత గొంతు తడుపుకోవడానికి మాత్రమే. టీ, కాఫీలు నాలుగు నుంచి రెండుకు, ఆ రెండూ మధ్యాహ్నంలోపే. అత్తయ్య గారిని తర్వాతి విజిట్‌కి తీసుకురమ్మన్నాను, వచ్చారు. బార్లీ పొద్దున్నకు మార్చడం ఆవిడకు చెప్పాక సులువైంది.

కానీ స్కూల్లో గడియ లేకపోతే ఈ సలహా అంతా కాగితం మీదే ఉండిపోతుంది. నీళ్లు తాగమని చెప్పి, వెళ్లడానికి చోటు లేకుండా పంపడం వైద్యం కాదు. హెడ్‌మిస్ట్రెస్ గారితో మాట్లాడమన్నాను. అక్కడి టీచర్లందరిదీ ఇదే బాధ కాబట్టి అందరూ కలిసి అడిగారు, వారంలో గడియ వచ్చింది, బకెట్, మగ్గు, పై ట్యాంకుకు నీళ్లు నింపే టైము మార్పు వచ్చాయి. ఆడపిల్లలకూ అదే టాయిలెట్. ఈ కేసులో నేను రాసిన అన్నిటికన్నా ఆ గడియ ఎక్కువ పనిచేసిందని ఇప్పటికీ నమ్ముతున్నాను.

తర్వాత మూత్రాశయానికి శిక్షణ. డైరీ ప్రకారం ఇంట్లో సగటున గంటంపావుకోసారి వెళ్తున్నారు. అక్కడి నుంచే మొదలుపెట్టాం. గంటంపావు లోపు తోసుకొచ్చినా వెళ్లకూడదు. వారానికి పావుగంట చొప్పున పెంచుతూ మూడు గంటలకు చేరాలి. ఈ నియమం పగటికే, రాత్రి నిద్రలేస్తే వెళ్లిరావచ్చు. బస్సెక్కే ముందు ఒక్కసారే వెళ్లాలి, ఊరికే ముందుజాగ్రత్తకని రెండోసారి వద్దు.

తోసుకొచ్చినప్పుడు ఏం చేయాలి? పరుగెత్తకూడదు, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. పరుగెత్తితే పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, మూత్రాశయం ఇంకా బిగుసుకుంటుంది. ఉన్నచోటే ఆగాలి, వీలైతే కూర్చోవాలి. మూత్రద్వారం, మలద్వారం చుట్టూ ఉన్న కండరాలను ఐదారుసార్లు గబగబా బిగించి వదలాలి. ఆ కండరాలు బిగుసుకుంటే మూత్రాశయం వదులవుతుంది, ఇది శరీరంలోనే ఉన్న ఏర్పాటు. మనసును వేరే పనిలో పెట్టాలి. ఆమె పందొమ్మిదో ఎక్కాన్ని వెనక నుంచి చదువుకుంటానన్నారు. ఆ తోసుకొచ్చే అల తగ్గాక మామూలుగా నడిచి వెళ్లాలి, లేదా టైము కాకపోతే పనిలో పడిపోవాలి.

కండరాల వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నేర్పింది. ఈ వ్యాయామాలను 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు ప్రచారంలోకి తెచ్చారు. ఆయన కూడా వట్టి మాటలతో చెప్పి పంపలేదు, బిగింపు ఎంతుందో చూపించే పరికరం పెట్టి నేర్పారు. మా పేషెంట్‌కి ముక్కకుండా బిగించడం రెండో సిట్టింగులో వచ్చింది. ఒక్కో విడతకు ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. యూరిన్ పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీసు చేయొద్దని ప్రత్యేకంగా చెప్పాం. చాలామంది అదే వ్యాయామం అనుకుంటారు, దానివల్ల పూర్తిగా ఖాళీ చేసే అలవాటు పాడవుతుంది.

ఆ తర్వాత

మొదటి రెండు వారాల్లో రాత్రి లేవడం ఒకసారికి తగ్గింది. సాయంత్రం తాగడం మారితే అందుకు ఎక్కువ రోజులు పట్టదు. పగటి లెక్క నెమ్మదిగా కదిలింది. నాలుగో వారంలో ఇంట్లో పెళ్లి, బంధువులు, నిద్ర లేకపోవడం, రోజుకు ఐదారు టీలు. మళ్లీ 13కి వెళ్లింది. ఫోన్ చేసి, ఇక ఇది నా వల్ల కాదన్నారు. పెళ్లి అయ్యాక రెండు రోజులు ఆగి, చివరగా సాధించిన విరామం నుంచి మళ్లీ మొదలుపెట్టమన్నాను. ఇలా వెనక్కి వెళ్లడం ప్రతి కేసులోనూ ఉంటుంది. ముందే చెప్పకపోతే పేషెంట్ అక్కడే వదిలేస్తుంది.

ఆరు వారాలకు పగలు పదిసార్లు. తాళం దగ్గర తోసుకురావడం మిగిలే ఉంది. అప్పుడు మందు గురించి మాట్లాడుకున్నాం. మూత్రాశయాన్ని వదులు చేసే సోలిఫెనసిన్ లాంటి మందులు పనిచేస్తాయి, కానీ నోరు ఎండిపోతుంది, మలబద్ధకం పెరుగుతుంది. ఆమెకు ఇప్పటికే ఆ బాధ ఉంది. పెద్ద వయసువాళ్లలో ఈ రకం మందులు మతిమరుపు, తికమక తెస్తాయి కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. ఇదే పనికి వాడే ఇంకో రకం మందు మిరాబెగ్రాన్‌కి మలబద్ధకం గొడవ తక్కువ, కానీ బీపీ చూస్తూ ఉండాలి. ఆమె బీపీ 128/82, వాడొచ్చు. మెనోపాజ్ దాటి యోని పొడిబారినవాళ్లకైతే ఈస్ట్రోజన్ క్రీమ్ ఆలోచిస్తాను, ఈమెకు ఆ అవసరం లేదు. ఇంకో ఆరు వారాలు మందు లేకుండా చూస్తానన్నారు. ఒప్పుకున్నాను.

పన్నెండు వారాలకు మళ్లీ డైరీ రాయించాం. సెలవు రోజున పగలు ఏడుసార్లు, ఒక్కోసారి 200 నుంచి 320 మి.లీ. రాత్రి లేవలేదు, పొద్దున్న 380. మొత్తం 2,060. మొదటి డైరీలో 2,130. అంటే ఒంట్లోంచి పోతున్న యూరిన్ దాదాపు అంతే, వెళ్లడం మాత్రం సగానికి తగ్గింది. మోషన్ రోజూ అవుతోంది. తాళం దగ్గర వారానికి ఒకసారో రెండుసార్లో తోసుకొస్తుంది, కారడం లేదు. విజయవాడ ట్రైనింగ్‌కి వెళ్లొచ్చారు.

ఇదే బాధ ఉన్న అందరూ ఇలా డైరీ రాసుకుంటూ ఇంట్లో ఆగకూడదు. యూరిన్‌లో రక్తం ఒక్కసారి కనిపించినా, నొప్పి లేకపోయినా, వెంటనే చూపించుకోవాలి. నలభై దాటినవాళ్లయితే లోపల కెమెరాతో చూడాల్సి రావచ్చు. మంటతో పాటు జ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే అది కిడ్నీకి పాకిన ఇన్ఫెక్షన్ కావొచ్చు. విపరీతమైన దాహం, బరువు తగ్గడం ఉంటే ఆ రోజే షుగర్ చూడాలి. కాళ్లు తిమ్మిరెక్కి యూరిన్, మోషన్ మీద అదుపు తప్పితే అది వెన్నుపూస ఎమర్జెన్సీ. ధార సన్నగా వస్తూ, వెళ్లినా ఖాళీ అవ్వనట్టు ఉంటే లోపల ఎంత మిగులుతోందో స్కాన్‌లో చూడాలి. గర్భిణులు మంట ఉన్నా లేకపోయినా కల్చర్ చేయించుకోవాలి.

ఐదో నెలలో ఆమె ముందుగా చెప్పకుండా ఓపీకి వచ్చారు. మళ్లీ 14 సార్లు. "కానీ ఈసారి వేరేగా ఉంది మేడమ్. మంట ఉంది, వాసన ఉంది, రెండు రోజుల్లోనే మొదలైంది. కల్చర్‌కి శాంపిల్ పట్టుకొచ్చాను" అన్నారు. కల్చర్‌లో ఇ.కోలి అనే బాక్టీరియా మి.లీ.కి లక్షకు పైగా పెరిగింది. యాంటీబయాటిక్స్‌లో నార్‌ఫ్లాక్ససిన్‌కి లొంగదు, నైట్రోఫురాంటోయిన్‌కి లొంగుతుంది. అది 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఐదు రోజులు వాడాక మంట పోయింది. మరుసటి వారానికి పగటి లెక్క మళ్లీ ఎనిమిదికి వచ్చింది. వ్యాయామాలు రోజుకు ఒక విడతకు తగ్గించాం. తర్వాతి విజిట్ ఆరు నెలలకు, అప్పుడు మళ్లీ మూడు రోజుల డైరీ రాసి తెస్తారు.